జల్దీ చేసే మెకానిక్కుకు పదకొండు చిట్కాలు

సాగర్ రోడ్డు మీద బీఎన్ రెడ్డి నగర్, ఇంజాపూర్ దాటి తుర్కయాంజాల్ చేరేసరికి రెండు పక్కలా అపార్ట్‌మెంట్లే. ప్రతి అపార్ట్‌మెంటుకూ ఓ లిఫ్టు, ప్రతి లిఫ్టుకూ ఓ డ్రైవ్. ఒకప్పుడు మోటారు మొరాయిస్తే స్టార్టర్ మూత తీసి, కాంటాక్టులు గీకి, ఓవర్‌లోడ్ రిలే నొక్కితే పనైపోయేది. ఇప్పుడు ఆ చోట డ్రైవ్ కూర్చుంది. వచ్చిన ఏసీని డీసీగా మారుస్తుంది. ఆ డీసీని సన్నటి ముక్కలుగా కోసి, మోటారు ఎంత వేగంగా తిరగాలో అంతకు తగ్గ ఏసీగా పంపిస్తుంది. 415 వోల్టుల త్రీ ఫేజ్ లోపలికి వెళ్తే, లోపలి డీసీ బస్ మీద దాదాపు 590 వోల్టులు నిలబడతాయి.

ఈ పెట్టె మీద ఎర్రర్ కోడ్ కనిపించిన రోజున మెకానిక్కు వెనక జనం చేరతారు. "అన్నా, జర జల్ది. ఐదో ఫ్లోర్‌ల మా అమ్మ ఉంది, మోకాళ్ల నొప్పులు." మాన్యువల్ రాసినవాడి వెనక ఆ అమ్మ లేదు. అందుకే ఆగండి, చూడండి, కొలవండి అని తీరిగ్గా రాసుకున్నాడు. మనకంత తీరిక ఎక్కడిది? కాబట్టి ఈ రంగంలో తొందరపడి పేరు తెచ్చుకున్నవాళ్ల అనుభవ సారమంతా ఇక్కడ పోగేశాం. ఒక్కో చిట్కాతో ఏం మిగులుతుందో కిందే రాశాం. ఏం పోతుందో మీరే లెక్క వేసుకోగలరు.

1. మీటరు చవగ్గా కొనండి

కోఠి గుజరాతీ గల్లీలోనో, ట్రూప్ బజార్‌లోనో అరచేతిలో పట్టే పసుపు రంగు మీటరు అడగండి. దాని ముఖం మీద 'క్యాట్ 3, 600 వోల్ట్స్' అని అచ్చు ఉంటే చాలు. నిజంగా ఆ స్థాయి మీటరైతే, పిడుగు పడ్డప్పుడో పెద్ద లోడ్లు ఆపినప్పుడో లైన్లో లేచే పోట్లను తట్టుకోవాలి. అందుకని ల్యాబ్‌లో 6,000 వోల్టుల ఇంపల్స్ ఇచ్చి పరీక్షిస్తారు. అదంతా డబ్బు దండగ. అచ్చు వేయడానికి సిరా చాలు కదా!

కొన్ని చవక మీటర్ల మీద 10 ఆంపియర్ల రంధ్రం పక్కనే 'అన్‌ఫ్యూజ్డ్' అని రాసి ఉంటుంది. ఫ్యూజు లేదని తయారుచేసినవాడే ఒప్పుకున్నాడు. ఇంత నిజాయితీ ఉన్న వస్తువు ఇంకెక్కడ దొరుకుతుంది? ఒకవేళ మీది ఫ్యూజున్న మంచి మీటరే అయితే, అది పోయినప్పుడు ఇసుక నింపిన అసలు ఫ్యూజు కోసం తిరక్కండి. ఒక రాగి పోగు చుట్టేయండి.

మిగిలేది: కొన్ని వేల రూపాయలు.

2. ఎర్ర లీడును ఆంపియర్ల రంధ్రంలోనే ఉంచండి

పొద్దున ఎక్కడో ఆంపియర్లు చూశారు. ఎర్ర లీడు 10 ఆంపియర్ల రంధ్రంలోనే ఉండిపోయింది. సాయంత్రం వోల్టులు చూడాలి. నాబ్ తిప్పితే సరిపోదా, లీడు కూడా మార్చాలా? ఆంపియర్ల రంధ్రంలో లీడు ఉన్నంతసేపూ మీటరు లోపల ఉన్నది ఒట్టి మందపాటి తీగ ముక్కే. నాబ్ ఎక్కడున్నా సరే, ఆ లీడ్లను రెండు ఫేజుల మీద పెడితే అచ్చమైన షార్ట్. వెలుగు, చప్పుడు, పొగ మూడూ ఒకేసారి వస్తాయి. అలా పుట్టే ఆర్క్ వేడి సూర్యుడి ఉపరితలం వేడిని మించగలదు. చలికాలంలో పనికొస్తుంది.

ఆంపియర్లకు టాంగ్ టెస్టర్ వాడితే వైరు విప్పే పని గానీ, ఈ రంధ్రాల గొడవ గానీ ఉండదంటారు కొందరు. వాళ్లకు సాహసం తెలియదు.

మిగిలేది: పది సెకన్లు.

3. మీటరు సున్నా చూపిస్తే నమ్మేయండి

సున్నా అంటే సున్నాయే, అందులో అనుమానం దేనికి? కొందరు చాదస్తులు ముందు కరెంటు ఉందని తెలిసిన చోట మీటరు పెట్టి అది పనిచేస్తోందో లేదో చూసుకుంటారు. తర్వాత పని చేయాల్సిన చోట కొలుస్తారు. మళ్లీ వెనక్కి వెళ్లి తెలిసిన చోట ఇంకోసారి చూస్తారు. ఎందుకంటే బ్యాటరీ దిగిపోయినా, లీడు లోపల తెగిపోయినా, ఫ్యూజు పోయినా, డీసీ కొలవాల్సిన చోట నాబ్ ఏసీ మీద ఉన్నా మీటరు సున్నానో, సున్నాకు దగ్గరి అంకెనో చూపిస్తుందట. కరెంటు లేనప్పుడు వచ్చే సున్నా, మీటరు చచ్చినప్పుడు వచ్చే సున్నా చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయట. ఒక్కలాగే ఉన్నప్పుడు తేడా చూడ్డం ఎందుకో మనకర్థం కాదు.

మిగిలేది: ఒక నిమిషం.

4. కెపాసిటర్ల కోసం ఆగకండి

డ్రైవ్ మూత మీద పసుపు స్టిక్కర్ ఉంటుంది: సప్లై ఆపాక ఇన్ని నిమిషాలు ఆగమని. చిన్నవాటికి ఐదు, పెద్దవాటికి పది, పదిహేను. ఆ స్టిక్కర్‌ను గోటితో గీకి తీసేస్తే మనసుకు హాయిగా ఉంటుంది.

స్టిక్కర్ అక్కడ ఎందుకుందంటే, డీసీ బస్ మీది కెపాసిటర్లు మెయిన్ ఆపాక కూడా ఛార్జి పట్టుకునే ఉంటాయి. మొత్తం 2,000 మైక్రోఫారడ్లు అనుకుంటే, 590 వోల్టుల దగ్గర వాటిలో నిలవుండేది దాదాపు 350 జౌల్స్. లయ తప్పిన గుండెను దారికి తేవడానికి ఆసుపత్రుల్లో ఛాతీ మీద ఇచ్చే పెద్ద షాక్ కూడా 360 జౌల్స్ దగ్గర ఆగుతుంది. అంటే ఆ సౌకర్యం మన ప్యానెల్లోనే ఉందన్నమాట. డాక్టరు దాన్ని లయ తప్పిన గుండెకు ఇస్తాడు, డ్రైవ్ లయగా కొట్టుకుంటున్న గుండెకు ఇస్తుంది. తేడా అంతే.

ఛార్జ్ ల్యాంపు ఆరిపోయిందా, ఇక చెయ్యి పెట్టండి. ఆ ల్యాంపే కాలిపోయి ఉండొచ్చు, ఛార్జిని మెల్లగా ఖాళీ చేయాల్సిన రెసిస్టర్ తెగిపోయి ఉండొచ్చు. అయినా అనుమానం మంచిది కాదు. మరీ భయంగా ఉంటే స్క్రూడ్రైవర్‌తో ప్లస్, మైనస్ కలిపేయండి. స్క్రూడ్రైవర్ మొన కరిగి టెర్మినల్‌కు అతుక్కుంటే, డిశ్చార్జి అయిందనడానికి అంతకన్నా రుజువు ఏముంటుంది? మీటరును డీసీలో పెట్టి, ప్లస్ మైనస్‌ల మధ్య 50 వోల్టుల కిందికి దిగిందాకా చూస్తూ కూర్చోవడం పనిలేనివాళ్ల పద్ధతి.

మిగిలేది: పది నిమిషాలు.

5. జేబులో టెస్టర్ ఉండగా మీటరెందుకు

తాత వాడాడు, నాన్న వాడాడు, మనమూ అదే వాడదాం. టెస్టర్లో నియాన్ వెలగాలంటే మీ ఒంటి గుండా నేలకు కాస్త కరెంటు పోవాలి. ఎండుచెక్క నిచ్చెన మీద నిలబడి, మిట్టమధ్యాహ్నం వెలుతురులో చూస్తే అది వెలిగినా వెలగనట్టే ఉంటుంది. అప్పుడు లైను చచ్చిందని ప్రకటించేయండి.

వైరును తాకకుండానే కుయ్ కుయ్ మనే కొత్త రకం పెన్ను ఉంటే ఇంకా మేలు. అది ఏసీనే పసిగడుతుంది, డీసీ దానికి కనపడదు. 590 వోల్టుల డీసీ బస్ పక్కన పెట్టినా మౌనవ్రతం పాటిస్తుంది. మౌనం అర్ధాంగీకారమని పెద్దలు ఊరికే అనలేదు.

మిగిలేది: రెండు నిమిషాలు.

6. మెయిన్ ఆపాక ఇంకేమీ చూడకండి

మెయిన్ దించారు. ఇంక కరెంటు ఎక్కణ్నుంచి వస్తుంది? జెనరేటర్ నుంచి రావచ్చు. కరెంటు పోయిందనుకుని అది తనంతట తానే స్టార్టయి, ఛేంజోవర్ గుండా మీరు పట్టుకున్న వైరులోకే వస్తుంది. లిఫ్టయితే అందులో ఏఆర్‌డీ ఉంటుంది. సప్లై పోగానే లోపల చిక్కుకున్నవాళ్లను దగ్గరి అంతస్తుకు చేర్చడానికి బ్యాటరీతో మోటారును నడుపుతుంది. అది ప్రయాణికుల ప్రాణాలకు. మెకానిక్కు గురించి దానికెవరూ చెప్పలేదు.

పొలాల్లో సోలార్ పంపులకైతే ఈ చిట్కా మరీ సొంపు. పలకల మీద ఎండ పడినంతసేపూ వాటి వైర్లలో వందల వోల్టుల డీసీ ఉంటుంది. కంట్రోలర్ స్విచ్ ఆపినా పలకల వైపు వైరు చావదు. సూర్యుడికి ఎంసీబీ లేదు మరి.

ఇక తాళం సంగతి. మీరు ప్యానెల్లో తల పెట్టి ఉండగా, "కరెంటు పోయినట్టుంది" అంటూ వాచ్‌మన్ కిందికెళ్లి మెయిన్ ఎత్తకుండా స్విచ్చుకు తాళం వేసి, మీ పేరున్న ట్యాగు తగిలించి, తాళంచెవి జేబులో వేసుకోమంటారు. వాచ్‌మన్ మీద అంత అపనమ్మకం తగునా?

మిగిలేది: ఐదు నిమిషాలు.

7. మెగ్గర్‌ను డ్రైవ్‌తో కలిపే కొట్టండి

మోటారు వైండింగ్ దిగిందేమోనని అనుమానం. ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ తీశారు. ఇప్పుడు డ్రైవ్ దగ్గర యూ, వీ, డబ్ల్యూ వైర్లు మూడూ విప్పి, మోటారును విడదీసి, అప్పుడు కొట్టమంటారు. మూడు బోల్టులు విప్పాలి, మళ్లీ బిగించాలి, ఫేజులు తారుమారు కాకుండా గుర్తులు పెట్టుకోవాలి. ఎవరికుంది ఓపిక?

అలాగే కలిపి 500 వోల్టులు కొట్టండి. ఆ వోల్టులు డ్రైవ్ లోపలి ఐజీబీటీ స్విచ్చుల గుండా, కంట్రోల్ కార్డుల గుండా దారి వెతుక్కుంటాయి. అప్పటిదాకా జబ్బు మోటారుకే. ఇప్పుడు డ్రైవ్‌కు కూడా. రెండు బిల్లులు రాసుకోవచ్చు. విడదీసి కొట్టాక కూడా కేబులు, వైండింగ్ కాసేపు ఛార్జి పట్టుకునే ఉంటాయి. వాటిని ఎర్త్ చేయకుండా బోల్టులు బిగిస్తే, మెగ్గర్ పనిచేసిందన్న సంగతి చేతికే తెలిసిపోతుంది.

మిగిలేది: పదిహేను నిమిషాలు.

8. డ్రైవ్ అవుట్‌పుట్‌ను ఏ మీటరుతోనైనా కొలిచి తీర్పు చెప్పండి

డ్రైవ్ నుంచి వచ్చేది నున్నటి అల కాదు. సెకనుకు వేలసార్లు కోసిన ముక్కలు. ఆ కోతను వడగట్టి అసలు అలను చూపించే ఫిల్టర్ మంచి మీటర్లలో ఉంటుంది. మామూలు మీటరుకు ఉండదు. 30 హెర్ట్జ్ మీద నడుస్తున్న డ్రైవ్ దాదాపు 250 వోల్టులు ఇవ్వాలి. మీ మీటరు ఇంకేదో అంకె చూపిస్తుంది. వెంటనే డ్రైవ్ పోయిందని చెప్పి కొత్తది తెప్పించండి. కొత్తదాని మీద కూడా అదే అంకె వస్తే, కంపెనీయే మోసం చేసిందనండి.

డ్రైవ్ ఒకచోట, మోటారు దూరంగా ఇంకోచోట ఉన్నప్పుడు డ్రైవ్ దగ్గర కొలిచిందే మోటారు దగ్గరా ఉంటుందని నమ్మండి. పొడుగు కేబులు చివర్న ఆ ముక్కలు తిరగబడి, బస్ వోల్టేజీకి దాదాపు రెండింతల పోట్లు లేవగలవు. 590కి రెండింతలంటే 1,200కు దగ్గర. మీ మీటరు 600 వోల్టులదైతే ఆ పోట్ల సంగతి అది మీకు చెప్పదు. చెప్పేలోపు అదే ఉండకపోవచ్చు.

మిగిలేది: మాన్యువల్‌లో నాలుగు పేజీల చదువు.

9. ఆసిలోస్కోప్ ఎర్త్ పిన్ను కత్తిరించండి

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. ప్రాజెక్టు పేరుతో డ్రైవ్ విప్పే పిల్లలకు ఈ చిట్కా అంకితం. మామూలు స్కోప్ ప్రోబ్‌కుండే నల్ల క్లిప్పు స్కోప్ బాడీకి, అక్కణ్నుంచి గోడలోని ఎర్తింగ్‌కు కలిసి ఉంటుంది. డ్రైవ్‌లో డీసీ మైనస్ మాత్రం ఎర్త్ కాదు. ఎర్త్‌తో పోలిస్తే అది దాదాపు 300 వోల్టులు కిందికి ఊగుతూ ఉంటుంది. అక్కడ క్లిప్పు పెట్టగానే ఢామ్మంటుంది.

దీనికి అసలు మందు డిఫరెన్షియల్ ప్రోబ్. దాని ధర వినగానే మీకు ఉపాయం తడుతుంది: స్కోప్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేస్తే సరి! నిజమే, అప్పుడు ఢామ్మనదు. అలలు చక్కగా కనిపిస్తాయి. కాకపోతే ఇప్పుడు స్కోప్ ఇనప డబ్బా మొత్తం డీసీ మైనస్ మీద ఉంది. నాబ్ తిప్పడానికి మీరు చెయ్యి పెట్టేది ఆ డబ్బా మీదే.

మిగిలేది: ప్రోబ్ ఖరీదు.

10. హెచ్‌టీ (హై టెన్షన్) దగ్గర కూడా అదే మీటరు, అదే ధైర్యం

మన సాగర్ రోడ్డు మీదుగానే కృష్ణా నీళ్లు హైదరాబాద్ వస్తాయి. అక్కంపల్లి రిజర్వాయర్ నుంచి కోదండాపూర్, నసర్లపల్లి, గోడకొండ్లల దగ్గర మెట్టుమెట్టుగా ఎత్తిపోసి గున్‌గల్‌కు చేరుస్తారు. అక్కణ్నుంచి వాలు మీద సాహెబ్‌నగర్ వస్తాయి. కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో లక్ష్మీపూర్ గాయత్రి పంప్‌హౌస్ మోటార్లయితే ఒక్కొక్కటీ 139 మెగావాట్లు. పెద్ద పంపు మోటార్లను 415 మీద నడపరు. 3,300, 6,600, 11,000 వోల్టులు మామూలు. ఎన్ని వోల్టులైతేనేం, కరెంటు కరెంటే అనుకుని జేబులోంచి 600 వోల్టుల మీటరు తీయండి. పెద్ద వోల్టేజీకి మీరు లీడు ఆనించేదాకా ఆగే అలవాటు లేదు. దగ్గరికొస్తే తానే గాల్లోంచి దూకి వస్తుంది.

అక్కడివాళ్లు పీటీ (పొటెన్షియల్ ట్రాన్స్‌ఫార్మర్) పెట్టి, ఆ వోల్టేజీని 110కి దించి, అప్పుడు కొలుస్తారు. పొడుగాటి ఇన్సులేటెడ్ కర్రకున్న డిటెక్టర్‌తో పరీక్షిస్తారు. డిశ్చార్జ్ రాడ్డుతో ఎర్త్ చేస్తారు. అదంతా నిదానస్తుల వ్యవహారం. మీటర్ ప్యానెల్లో సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) సెకండరీ వైరు వదులుగా కనిపిస్తే, లోడు నడుస్తుండగానే విప్పి చూడండి. తెరుచుకున్న సీటీ కొసల మధ్య వేల వోల్టులు లేవగలవు.

11 కేవీ లైను మీద పనైతే ఎల్‌సీని (లైన్ క్లియర్‌ను) ఫోన్లో నోటిమాటగా తీసుకోండి. ఏబీ స్విచ్ నిజంగా మూడు ఫేజుల్లోనూ తెరుచుకుందో లేదో కింద నిలబడి చూడకండి. ఎవరింటి జెనరేటర్ నుంచో రిటర్న్ కరెంటు వస్తుందేమోనని రెండు వైపులా ఎర్త్ చేయకండి.

అన్నట్టు, 415 వోల్టులను మనం 'చిన్న కరెంటు' అంటాం గానీ చట్టం అలా అనలేదు. 1956 నాటి భారతీయ విద్యుత్ నిబంధనల్లో 250 దాటి 650 దాకా మీడియంగా ఉండేది. ఆ పైన 33,000 దాకా హైగా ఉండేది. చట్టం మాటకేం, చాలా అంటుంది.

మిగిలేది: ముప్పావు గంట.

11. ఒంటరిగా వెళ్లండి, అలంకరించుకుని వెళ్లండి

హెల్పర్ ఉంటే కూలి ఇవ్వాలి. లిఫ్టు మెషిన్ రూముకు ఒక్కరే ఎక్కి తలుపు దగ్గరగా వేసుకోండి. చేతికి స్టీలు కడియం, వేలికి ఉంగరం, కాళ్లకు హవాయి చెప్పులు. ఒక చెయ్యి ప్యానెల్ బాడీ మీద ఆనించి, రెండో చేత్తో లీడు పట్టుకుంటే కరెంటుకు గుండె మీదుగా దగ్గరి దారి దొరుకుతుంది.

ఆర్‌సీసీబీ ఉందిగా అని ధైర్యంగా ఉండండి. 30 మిల్లీ ఆంపియర్లు నేలకు లీకైతే అది పడిపోతుంది. కానీ డీసీ ప్లస్‌కూ మైనస్‌కూ మధ్య మీరు పడితే నేలకు లీకయ్యేదేమీ ఉండదు. దాని దృష్టిలో మీరు మంచి లోడు. ఫ్యాక్టరీల్లో, సబ్‌స్టేషన్లలో షాక్ కొట్టినవాణ్ని ఎలా బతికించాలో తెలిపే బొమ్మల చార్టు స్థానిక భాషలో గోడకు పెట్టాలని నిబంధన. చదవడానికి రెండోవాడు లేనప్పుడు ఆ చార్టు మీద దుమ్ము తుడవాల్సిన పని కూడా లేదు.

మిగిలేది: ఒక హెల్పర్ కూలి.

ఇదీ మొత్తం పట్టిక. నిమిషాలన్నీ కూడితే గంటన్నర కూడా లేదు.

ఇక సూటి మాట. పని ఏదైనా వరస ఒక్కటే. సప్లై వచ్చే దారులన్నీ, జెనరేటర్‌ను, ఏఆర్‌డీ బ్యాటరీని, సోలార్‌ను కూడా లెక్కపెట్టి ఆపండి. తాళం వేయండి. స్టిక్కర్ చెప్పినంతసేపు ఆగండి. క్యాట్ 3 పరీక్ష నిజంగా నెగ్గిన మీటరును ముందు బతికున్న లైను మీద చూసి, తర్వాత డీసీ బస్ మీద కొలిచి, మళ్లీ బతికున్న లైను మీద చూడండి. డీసీ 50 వోల్టుల కిందికి దిగాకే చెయ్యి పెట్టండి. మెగ్గర్ కొట్టేముందు మోటారును డ్రైవ్ నుంచి విడదీయండి. పక్కన ఒక మనిషిని ఉంచుకోండి. ఎవరికైనా షాక్ కొడితే ముందు సప్లై ఆపాలి, తర్వాత 108కు ఫోన్ చేయాలి, ఊపిరి లేకపోతే వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. 11 కేవీ పని మీది కాదు. 1912కు ఫోన్ చేసి లైన్‌మన్‌ను పిలిపించండి.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పెద్దలకూ ఒక మాట. పై పదకొండు చిట్కాల్లో చాలావాటిని మెకానిక్కు తనంతట తాను కనిపెట్టలేదు. వెనక నిలబడి "ఇంకెంతసేపు" అన్నవాళ్లే నేర్పారు. ఐదో అంతస్తు అమ్మకు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ఇంకో గంట పడుతుందని చెప్పండి. మెకానిక్కును మాత్రం తొందరపెట్టకండి.